అగ్గిపెట్టెలో ఆఫీసు

అమరచింత నుంచి వెంకట్రాములు పెళ్లికొడుకును చూసుకోవడానికి గద్వాల వచ్చిన పొద్దున, ఆ పెళ్లికొడుకు బుజ్జమ్మ చాయ హోటల్ బెంచీ మీద కూర్చుని కోతలు కోస్తున్నాడు. మహేశ్వర్ మంచివాడే. చీర నేయడంలో వాడి చేతికి పేరుంది, నోటికి అంతకంటే పెద్ద పేరుంది. మగ్గం నేసేవాడికి పిల్లను ఇచ్చేది లేదంటూ ఇదివరకే రెండు సంబంధాలు తప్పిపోయాయి. వెంకట్రాములు కూతురు రేణుకను ఒక పెళ్లిలో చూసినప్పటి నుంచి వాడికి నిద్ర లేదు. ఈసారి ఎట్లాగైనా కుదుర్చుకోవాలని దుబాయి కథ ఎత్తుకున్నాడు. ఇక వాణ్ణి ఆపడం మా ఎవరి వల్లా కాలేదు.

"పెద్ద ముచ్చటేం కాదు పెద్దాయినా, దుబాయిల జర చిన్న ఆఫీసు తెరిచిన, అంతే. మా గద్వాల చీరల కంపెనీది. రెండేండ్లు ఆడనే ఉండి మొన్ననే దిగిన. వాళ్లకు మనమే ఫారిన్ కంపెనీ గద. ఫారిన్ కంపెనీ ఆడ ప్రతినిధి ఆఫీసు పెట్టుకోవచ్చు గని సరుకు అమ్మొద్దంట, చూపెట్టుడే అంట. నేను ఆడి లైసెన్సు సారుతోని అన్న, సారూ, గద్వాల చీర చూపెడితె సాలు, అమ్మే పనే ఉండదు, జనమే గుంజుకపోతరు అని. సారు నవ్విండు. కంపెనీల ఎంతమంది అని అడిగిండు. ఇద్దరమే సారూ, మా అమ్మ ఎండీ, మిగిలిన పోస్టులన్ని నావే అన్న."

"మీ ఎండీ నిన్న మా ఇంట్ల గిన్నెడు చక్కెర చేబదులు తీస్కపోయింది," అంది బుజ్జమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"జర ఆగక్కా. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆఫీసుకు జాగ ఏది, చూపెట్టుమన్నరు. ఆడ అద్దెలు మబ్బులల్ల ఉంటయి. నేను జేబులకెల్లి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టిన. గిదే సారూ మా ఆఫీసు అన్న. మన చీర మడిస్తె అగ్గిపెట్టెల పడతది, నీకు ఎరుకే గద పెద్దాయినా. ఇగ కొస పట్టుకొని గుంజిన. గుంజుతున్న, గుంజుతున్న, చీర ఒడుస్తలేదు. గది నిండింది, లిఫ్టుల కిందికి దిగింది, రోడ్డు దాటింది, పోలీసులు బండ్లన్ని ఆపిండ్రు. సముద్రం ఒడ్డున దాని నీడకు ఒంటెలు పండుకున్నయ్. ఎండ తగ్గిందని ఊరంత ఏసీలు బంద్ చేసిండ్రు."

"చీర ఆరు గజాలే గదరా?" అన్నాడు ఆటో ప్రభుదాసు.

"గది గద్వాలల. ఆడి ఎండకు సాగింది."

వెంకట్రాములు మాత్రం నవ్వలేదు. చాయ సగంలోనే గ్లాసు పక్కన పెట్టి, అమరచింత బస్సు ఎప్పుడని బుజ్జమ్మను మెల్లగా అడిగాడు. ఈ సంబంధమూ పోయిందనుకున్నాం. మహేశ్వర్ అది చూసి, కోత ఇంకా చాలలేదనుకున్నాడు.

"అసలు కథ రెసిడెన్సీది పెద్దాయినా. ఆడ ఉండాల్నంటె దవాఖానల ఎక్స్‌రే తీపించుకోవాలె. తీసిండ్రు. డాక్టరమ్మ పరేషాన్. నా ఛాతిల పక్కటెముకలే లేవు, వాటి జాగల మన చీరల మీద నేసే కోటకొమ్మ అంచు ఉన్నది, నడుమ నడుమ జరీ బుట్టలు. తాతల కాలం నుంచి నేసినోళ్లం గద, లోపలికి దిగింది. ఎక్స్‌రేకు చట్రం కట్టి గోడకు పెట్టుకున్నరు. వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెడితె నెమలి పడ్డది. అది మిషన్లకెల్లి దిగి పురి విప్పింది. దానికి సుత రెసిడెన్సీ కార్డు ఇచ్చిండ్రు. నాకొకటి, నెమలికొకటి, మా మగ్గానికొకటి. ఇగ ఆడి పెద్ద సారు నన్ను పట్టుకొని ఏడ్సుడే. నువ్వు పోతే మా దేశంల ఎండ మల్ల పెరుగుతది, జూరాల డ్యాం నీళ్లు పైపుల తెప్పిస్త, ఉండు అన్నడు. నేనే వద్దన్న. మా ఆయకట్టు రైతులేం గావాలె?"

వెంకట్రాములు తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు. రోడ్డు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఒక్క మాట నాయినా. పొద్దుగాల మీ ఇంటికి పోయిన. మగ్గం మీద సగం చీర ఉన్నది. మీ అమ్మ ఒక దిక్కు కూసున్నది, పక్కన జాగ ఖాళీ. మన చీర ఒక్కరితోని అయ్యేది కాదు. నడుమ నూలుకు అటిటు పట్టు అంచులు అతకాల్నంటె ఇద్దరు పక్కపక్కన కూసోని పోగు తీస్కపోయే నాడెలు ఒకరికొకరు అందుకోవాలె. కంపెనీల ఇద్దరమే అంటివి. రెండేండ్లు నువ్వు దుబాయిల ఉంటె, మీ అమ్మ పక్కన కూసోని నాడె అందుకున్నదెవరు?"

ప్రభుదాసు నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. మహేశ్వర్ చాయ గ్లాసులోకి చూశాడు. వాడి నోట ఇంత చిన్న జవాబు మేమెప్పుడూ వినలేదు.

"నేనే మామా."

"మరి దుబాయి?"

"శంషాబాదు దాక పోయిన. మా మేనమామను విమానం ఎక్కించనీకి."

హోటలంతా గొల్లున నవ్వింది. వెంకట్రాములు నవ్వీ నవ్వీ, కళ్లు తువ్వాలతో తుడుచుకుని మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. చల్లారిన చాయ తీసేసి ఇంకోటి వేడిగా పొయ్యమని బుజ్జమ్మకు చెప్పాడు.

"గీ మాట ముందుగాలనే చెప్తే నాకు బస్సు చింత ఉండకపోవు. మా రేణుక ఒక్కటే అన్నది. మగ్గం ఇడ్సిపెట్టి పోయేటోడు వద్దు నాయినా, పక్కన కూసునేటోడు గావాలె అన్నది. దుబాయోనివైతే నిన్ను ఏం చేసుకోవాలె మేము?"

మహేశ్వర్ మొహం వెలిగిపోయింది. ఆ సంతోషంలో మళ్లీ ఏదో మొదలుపెట్టడానికి నోరు తెరిచాడు. వెంకట్రాములు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇగ సాలు. గా అగ్గిపెట్టె ఆఫీసు మూసి ఇంటికి నడువు. మీ ఎండీ ఒక్కతే కూసున్నది."