సాగే గుడ్డకి అతుకు

"మామ్మగారూ, ఇది కుట్టడానికి వస్తుందా? అమ్మేమో పారేయమంటోంది."

ఏదీ, ఇలా తే. అక్కడ చీకట్లో కాదు, ఇలా అరుగు మీదకి రా, కూర్చో. ఓహో, సైకిల్ నిక్కరా. తొడ మీద బాగానే చీరుకుందే. ఎక్కడ పడ్డావు శ్రావణీ? బందరు వెళ్ళే దారిలో, కంకర మీదా? మోకాలు చూపించు. పసుపు పెట్టావా? ఆఁ, ఆయింట్‌మెంటు రాసిందా మీ అమ్మ, సరే, అదే మంచిది. కోప్పడిందా మరి? కోప్పడక? కూతురు నెత్తురు కారుతూ గుమ్మంలోకి వస్తే ఏ తల్లయినా హారతిస్తుందా ఏంటి.

వస్తుందే, కుట్టడానికి ఎందుకు రాదు. మన పెడనలో ఇలాంటి గుడ్డ మొదట కుట్టింది నేనే అయ్యుంటాను, నవ్వకు. మీ తాతగారిది, అదే మా ఆయనది కుట్టాను. నీకు తెలీదులే, మీరు ఈ వీధిలోకి రాకముందే పోయారు, పోయినేడు వానల్లో. ఆ సూదుల డబ్బా ఇటివ్వు. అది కాదు, పక్కది. దారం నువ్వే ఎక్కించు, నా కళ్ళకి ఆ బెజ్జం ఆనదు.

ఆయన మగ్గం నేసేవారు. నువ్వు గుంట మగ్గం చూశావో లేదో. గోతిలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి, అడ్డం పోగు పెట్టిన నాడె చేత్తో అటూ ఇటూ విసరాలి, కాళ్ళతో కింద చెక్కలు తొక్కాలి. పొద్దున్న కూర్చుంటే దీపాలు పెట్టేదాకా తొక్కుడే. నేసిన చీరలు మూట కట్టుకుని సైకిల్ మీదే గుడివాడ దాకా వెళ్ళి ఇచ్చొచ్చేవారు. అప్పట్లో బస్సుకి ఎంతనుకున్నావు, రూపాయి. కాదు కాదు, రూపాయిన్నర, మా లక్ష్మి పుట్టేసరికి రూపాయిన్నర అయింది. అదీ దండగే అనేవారు. లక్ష్మంటే మా అమ్మాయి, ఇప్పుడు ఆ గుడివాడలోనే కాపురం.

ఏం చెప్తున్నాను? ఆఁ, కాళ్ళు. గిరాకీ లేక మగ్గం తీసేశాం. మగ్గమైతే పోయింది గానీ ఆయన కాళ్ళు ఊరుకుంటేనా. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చేవారు, కాస్త కునుకు పట్టగానే దుప్పటి కింద కాళ్ళు కదులుతుండేవి, ఒకటి పైకి, ఒకటి కిందకి. నిద్రలో మగ్గం తొక్కుతున్నారన్నమాట. నేను చెయ్యేసి ఆపితే లేచి కూర్చునేవారు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, కూర్చోకండి, రోజూ కాసేపు సైకిల్ తొక్కండి అన్నాడు. ఇంకేముంది, ముసలోడికి దసరా పండగ. మూలపడున్న సైకిల్ తీసి తుడిచి, నూనె పెట్టి, మర్నాటి నుంచీ పొద్దున్నే షికారు.

పంచె గొలుసులో పడుతోందనీ, సీటు ఒత్తుకుపోతోందనీ గోల పెడితే, మా లక్ష్మి ఇదిగో, అచ్చం ఇలాంటిదే, లోపల మెత్త పెట్టి ఉంటుందే, అది కొనుక్కొచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగారు. లాగితే వచ్చింది, వదిలితే వెళ్ళింది. ఇలాంటి గుడ్డ నేను నేసి ఇస్తే షావుకారు నా మొహాన కొట్టేవాడు అన్నారు. ఆయన లెక్కలో గుడ్డంటే బిగువుండాలి, సాగిందంటే నేత చెడినట్టే. తొడుక్కోవడానికి సిగ్గు కూడాను. పైన మోకాళ్ళ దాకా లాల్చీ వేసుకుని వెళ్ళేవారు. పెళ్ళికొడుకులా ఉన్నారండీ అని నేనంటే, ఊరుకోవే అనేవారు గానీ మొహం వెలిగిపోయేది.

ఇక పడ్డం సంగతి. గూడూరు వైపు కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు చూడు, సగం రోడ్డు వడ్లే ఉంటాయి. ఎదర లారీ వస్తోందని ఈయన పక్కకి తీశారు, వడ్ల మీద చక్రం జారింది. అంతే. ఆ రైతు పాపం మంచివాడు, నా వడ్లు తొక్కావేంటని అనకుండా తనే ఆటో ఎక్కించి తీసుకొచ్చి దింపాడు. తొడంతా గీరుకుపోయింది, నిక్కరు చీలికలైంది. గాయంలో వడ్లగింజలు అంటుకునున్నాయమ్మా. నేను ఒక్కోటీ ఏరి తీస్తున్నాను. ఆయనేమో, ఆ రైతు రాశి చెదిరిపోయింది, పాపం మళ్ళీ ఎత్తుకోవాలి అని విచారం.

సాయంత్రానికి లక్ష్మి గుడివాడ నుంచి పరిగెత్తుకొచ్చింది. ఏడ్చింది, ఆయన్ని తిట్టింది, నన్నూ తిట్టింది. సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు హాయిగా ఉంది. హమ్మయ్య, మనిషి ఇంటిపట్టున ఉంటాడు, నేను గుండె చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు అనుకున్నాను.

గాయం మానింది. ఇంక చూడు, ఆయన అన్నం సగంలో వదిలేసేవారు. అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తుండేవారు. ఎవరైనా ఏం తాతగారూ, షికారు మానేశారా అనడిగితే, నిక్కరు చిరిగిందయ్యా అనేవారు. తాళం సంగతి మాత్రం చెప్పేవారు కాదు, కూతురు కట్టేసిందని చెప్పుకోవడం నామోషీ.

ఒకరోజు ఆ నిక్కరు పట్టుకుని తనే కుట్టడానికి కూర్చున్నారు. నేను కుట్టిపెడతానన్నా వినలేదు, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పీటకి మేకులు కొట్టి, చిరుగున్న చోట గుడ్డని బిర్రుగా లాగి కట్టి, తెల్ల నూలుతో నిలువు పోగులు వేసి, అడ్డం పోగులు సూదితో ఎక్కించి, నేశారే తల్లీ, ఆ చిరుగు మీద మగ్గం గుడ్డ నేశారు. చూస్తే ముచ్చటేసింది. అంతటితో ఆగారా, నూలుకి పట్టించినట్టు దానికి గంజి పట్టించారు. ఎండలో పెడితే అప్పడంలా అయింది. పొద్దున్నే తొడుక్కుని, చెప్పులేసుకుందామని వంగారు. చుట్టూ పరపరా చిరిగిపోయింది. ఆ నేసిన ముక్క మాత్రం చెక్కుచెదరలేదు, పలకలాగా వేలాడుతోంది.

నాకు నవ్వాగలేదు. పడీపడీ నవ్వుతూ ఆయన మొహంలోకి చూశాను, చూసి ఆపేశాను. కళ్ళల్లో నీళ్ళు. ఆయన కళ్ళల్లో నేను ఎప్పుడోగాని నీళ్ళు చూడలేదు, మగ్గం విప్పిన రోజున కూడా లేవు. "ఇంక నా కాళ్ళూ పనికిరావు, నా చేతులూ పనికిరావు" అన్నారు. అని లోపలికెళ్ళి పడుకున్నారు.

కాస్త ఉండు, ఇక్కడ గుడ్డ పట్టుకో. లాగకు, ఊరికే పట్టుకో.

ఆ మధ్యాహ్నం ఆయన పడుకునుంటే పక్కన కూర్చున్నాను. దుప్పటి కింద కాళ్ళు మళ్ళీ మొదలెట్టాయి. ఈసారి చెయ్యేసి ఆపబుద్ధి కాలేదు. చూస్తూ కూర్చున్నాను. నాకు భయమని చెప్పి ఆయన కాళ్ళు కట్టేశాం కదా, ఇదేం న్యాయం అనిపించింది. లేచి నిక్కరు తీసుకున్నాను.

ఆ నేసిన ముక్క ఊడదీశాను, ప్రాణం ఉసూరుమంది గానీ. తిరగేసి చూశాను. కంపెనీవాళ్ళ కుట్టు లోపల తిన్నగా లేదు, వంకర్లు వంకర్లుగా పోయింది. అప్పుడు తట్టింది, గుడ్డ సాగితే దారం కూడా రావాలిగా, తిన్నగా బిగిస్తే తెగి ఊరుకుంటుంది. మా మనవరాలి పాత లెగ్గింగు ఒకటి బీరువాలో ఉంటే దాన్ని కత్తిరించి లోపలివైపు పెట్టాను. ఇదిగో ఇలా, ఒక కుట్టు పైకి, ఒకటి కిందకి, వదులు వదులుగా. నాలుగు కుట్లు వేయగానే ఒకసారి గుడ్డ లాగాలి, దారం ఎంత కావాలో అదే తీసుకుంటుంది. మరి ఆ లెగ్గింగు రంగేమో చిలకాకుపచ్చ. నల్ల నిక్కరుకి చిలకాకుపచ్చ అతుకు. లోపలిదే అయినా చిరుగులోంచి కనబడుతుందిగా. ఉన్నది అదే మరి.

తర్వాత లక్ష్మికి ఫోన్ చేసి తాళంచెవి తెమ్మన్నాను. వచ్చింది, గుమ్మంలోనే నిలబడి, మళ్ళీ పడితే ఏం చేస్తావమ్మా అనడిగింది. "పడితే ఏడుస్తానే. పడకుండానే కూర్చోబెట్టి ఆయన్ని ఏడిపించలేను" అన్నాను. నా చేతిలో నిక్కరు చూసింది, ఆ పచ్చ అతుకు చూసింది. తాళంచెవి తీసి నాకివ్వలేదు, లోపలికెళ్ళి వాళ్ళ నాన్న చేతిలోనే పెట్టింది. ఎదర లారీ వస్తే సైకిల్ దిగిపోవాలి నాన్నా అని మాట తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. నేను జాగ్రత్త అని కూడా అనలేదు. ఆయన మలుపు తిరిగారో లేదో కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ అరుగు మీదకీ తిరిగాను. పెట్టుకున్న కాఫీ తాగలేదు. ఎండెక్కాక వచ్చారు, హ్యాండిల్‌కి తేగల కట్ట తగిలించుకుని. సైకిల్ దిగకుండానే "చిరగలేదే" అన్నారు, పదేళ్ళ పిల్లాడిలా. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

అప్పట్నుంచీ రోజూ వెళ్ళారు, రోజూ నేను భయపడ్డాను. ఆ భయం అలవాటవుతుందంటారు గానీ అవ్వదే. చివరికి ఏమైంది, నాలుగు రోజులు జ్వరమొచ్చి మంచం మీదే పోయారు. సైకిల్ ఆయన్నేం చేయలేదు.

ఇదిగో, అయింది. లోపలికెళ్ళి తొడుక్కుని రా.

ఆఁ, గొంతుక్కూర్చో. లే. మళ్ళీ కూర్చో. బాగుంది, ఎక్కడా పట్టెయ్యట్లేదుగా.

మీ అమ్మ మీద కోపం పెట్టుకోకు తల్లీ. నిన్ను ఆపాలని కాదు ఆమె బాధ, నువ్వొచ్చేదాకా ఆ గుమ్మంలో ఒక్కతే నిలబడాలి కదా, అది. రేపు నువ్వు బయల్దేరేటప్పుడు మీ అమ్మని ఇక్కడికి రమ్మని చెప్పు. నేను పిలిచానను. ఇద్దరం ఇక్కడే కూర్చుంటాం, నువ్వు కనపడేదాకా. నాకు మాత్రం ఏం పనుంది, పొద్దున్నే లేస్తాను, అరుగు కడుగుతాను, ఆ మలుపు కేసి చూస్తాను. ఎవరూ రారని తెలుసు, అయినా చూస్తాను. వెళ్ళు, క్షేమంగా వెళ్ళి క్షేమంగా రా. నాకూ ఎదురుచూడ్డానికి ఒక మనిషుంటుంది.