మందు ఎవరి పేరు మీద?

విమానాశ్రయంలో తనిఖీ బల్ల. ఒక పక్క తనిఖీ ఉద్యోగి, ఇంకో పక్క యాభై దాటిన ఆవిడ. మధ్యలో మూత తీసిన ఐసు డబ్బా.

“చెయ్యి పెట్టకు బాబూ! చల్లదనం పోతే మందు పోయినట్టే.”

“ముట్టుకోకుండా చూడ్డానికి నాకేమన్నా దివ్యదృష్టి ఉందామ్మా? ఆరు ఇంజెక్షన్లు. ఎవరికి?”

“మా ఆయనకి. ఇదిగో డాక్టరు చీటీ. డబ్బా మీదా అదే పేరు, చూసుకో.”

“పేరు సరే. మనిషేడీ?”

“వస్తున్నారు.”

“ఎక్కడ? మీ వెనకాల ఎవరూ లేరే!”

“ఈ విమానానికే వస్తున్నారు. ముందు ఆ మూత పెట్టు నాయనా.”

“ఎవరి మందు వాళ్లతోనే దాటాలమ్మా. రోగి లేకపోతే మందు ఇక్కడే ఆగిపోతుంది. ఈ రూలు నేను పెట్టింది కాదు.”

“తెలుసు. నాలుగేళ్లుగా ఈ డబ్బా మోస్తున్నా. ఐసు కరిగితే ఒప్పుకోరు, చీటీ లేకపోతే ఒప్పుకోరు. అన్నీ కంఠతా వచ్చు నాకు.”

“అయితే పిలవండి ఆయన్ని.”

“పిలిస్తే పలికేట్టు లేరు.”

“నడవలేరా? చక్రాల కుర్చీ పంపిస్తా.”

“వద్దు. పడుకునే వస్తున్నారు.”

“స్ట్రెచరా? ముందే చెప్పొద్దూ! ఆ గేటు వేరు. పక్కన ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“అంత జబ్బు మనిషిని ఒంటరిగా వదిలేసి వచ్చేశారా?”

“నన్ను... నన్ను అటు రానివ్వలేదు బాబూ.”

“సరే, సరే. ఆయన టికెట్టు చూపించండి.”

“ఇదిగో.”

“ఇది టికెట్టు కాదమ్మా. ఇది... సరుకు రసీదు.”

“పేరు చూడు.”

“అమ్మా...”

“రెండింటి మీదా ఒకటే పేరు కదా? ఒకటే విమానం కదా? రూలు ప్రకారమే కదా?”

“మరి... మరి ఈ మందు ఇంకెవరికమ్మా?”

“మా ఊరి ఆస్పత్రిలో ఆయన పక్క మంచం పిల్లకి. తొమ్మిదేళ్లు. ఇదే జబ్బు, ఇదే మందు. అక్కడ నెల్రోజులుగా దొరకట్లేదు. డాక్టరమ్మ కనిపెట్టుకుని కూర్చుంది. రేపు పొద్దున ఇంజెక్షన్ పడకపోతే ఆ పిల్ల మనకి దక్కదు.”

“పిల్ల పేరు మీద చీటీ రాయించాల్సింది కదమ్మా.”

“టైమేదీ? ఇక్కడ పెద్దాస్పత్రిలో ఆపరేషనుకి తీసుకెళ్తుంటే ఆయనే అన్నారు. ‘నా పేరు మీదే పట్టుకెళ్లు. బతికినా, బతక్కపోయినా, నీ విమానంలోనే వస్తాగా’ అని.”

“మూత పెట్టండమ్మా. మందుతో పాటు రోగి కూడా ఇదే విమానం ఎక్కారని రాసుకుంటున్నా.”