చుక్కల డాక్టరు

ఇంకా టైముందిలేమ్మా, ఆ సీసా బల్ల మీద పెట్టి ఇలా కూర్చో. కంట్లో మందు వేశాక కళ్ళు మూసుకుని పడుండాలి, అప్పుడు నువ్వేం చూపించినా గోడకి చూపించినట్టే. ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. ఆఁ... ఈ ఆవగింజంతది సూర్యుడా? మన సూర్యుడే? మరి ఈ ఎర్ర బంతేంటి, తెరలో పట్టక అంచులు తెగిపోయింది? అదీ చుక్కేనా. తెలుసమ్మా నాకు. ఈ ఫోనులు లేని రోజుల్లోనే మీ తాత చెప్పాడు. సూర్యుణ్ణి ఆవగింజ అనుకుంటే, చలికాలం సాయంత్రాలు తూర్పున లేచే ఎర్ర చుక్క ఇంచుమించు మంచం పొడుగు ఉంటుందిరా అనేవాడు. "మరి అంతది ఇంతే కనపడుతుందేం అన్నయ్యా" అంటే, "దూరం రా. దూరం పోతే ఎంతటివాడైనా చుక్కే" అనేవాడు. నిజమే. గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చే మనిషి, ఇప్పుడు కళ్ళు మూసుకుని తల్చుకుంటే మొహం సరిగ్గా దొరకట్లేదు నాకు. ఒక్కోసారి ఏడుపొస్తుంది. సర్లే.

నువ్వు చూళ్ళేదు కదూ ఆయన్ని. మీ నాన్నకే సరిగ్గా గుర్తులేదు, ఆయన పోయేటప్పటికి బళ్ళో చేరాడో లేదో. మాది కళ్ళద్దాల షాపు. చిన్న గది, వీధివైపు గాజు బీరువా, మధ్యలో తెర. తెర వెనక నేనూ, అద్దాలు సానబట్టే చక్రమూ. ముందు మీ తాత. వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడకున్న అక్షరాల అట్ట చదివించేవాడు. ఆ అట్ట ఊళ్ళో సగంమందికి కంఠతా వచ్చమ్మా. ఒకడు చదువుతుంటే బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాడు వింటాడు కదా, తన వంతొచ్చేసరికి గడగడా అప్పజెప్పేవాడు. ఒకాయనైతే గోడవైపు వీపు పెట్టుకుని మొదలుపెట్టాడు. అందుకని అనుమానమొస్తే మీ తాత, "దీపాలు పెట్టాక ఓసారి రండి" అని మేడ మీదికి తీసుకెళ్ళేవాడు. చలికాలంలో నెత్తిమీద చుక్కలు గుంపుగా ఉంటాయి చూడు, పిల్లలకోడి అంటాం. "కోడీ పిల్లలూ కలిపి ఎన్ని?" అదీ పరీక్ష. చూపు బాగున్నవాడు ఆరంటాడు. లేనివాడు పొగలా ఉందంటాడు. ఏడన్నవాణ్ణి మాత్రం వదిలేవాడు కాదు, "చూసి చెప్తున్నారా, విని చెప్తున్నారా" అని. ఎందుకంటే, ఎక్కడెక్కడి జనమో, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసి ఎరగనివాళ్ళు, కథల్లో అందరూ ఏడనే చెప్పుకున్నారట. కనపడేవేమో ఆరు. ఆ ఒక్కటీ కనపడే రోజుల్లో చూసినవాళ్ళ మాట మనదాకా వచ్చిందేమోరా అనేవాడు. "గడియారం లేదు, పలక లేదు, ఒంటిమీద సరైన బట్ట లేదు. మంట చుట్టూ పడుకుని లెక్కపెట్టారు చూడు, వాళ్ళూ మన గిరాకీలేరా, కాస్త ముందొచ్చారంతే" అని నవ్వేవాడు. నాకు మటుకు చక్రం చప్పుడులో సగం వినపడేది, సగం ఊఁ కొట్టేవాణ్ణి.

అలా చుక్కల డాక్టరని పేరు పడిపోయింది. పేరు పడటం మంచిదే గానీ, మన భాషలో చుక్కంటే ఒకటా? పైనున్నదీ చుక్కే, కలం పెట్టిందీ చుక్కే, సారా సీసాలోదీ చుక్కే. మీ నాయనమ్మ వాళ్ళ నాన్న సంబంధం చూడ్డానికొచ్చి, ముందు వీధి చివర మంగలి షాపులో వాకబు చేశాడు. మంగలి మావాడికి ప్రాణస్నేహితుడు. నాలుగు మంచి మాటలు చెబుదామని, "బంగారంలాంటి కుర్రాడండీ. చుక్కల డాక్టరంటే తెలీనివాడు లేడు. పొద్దుగూకితే మేడెక్కాల్సిందే, చుక్కలు లేందే నిద్రపట్టదు. తనొక్కడే కాదు, నలుగుర్నీ పోగేసుకుని మరీ ఎక్కుతాడు" అన్నాట్ట. ఇంకేముంది, ఆ పెద్దాయన మా గుమ్మంలో నిలబడే "మా పిల్ల గొంతు కొయ్యమంటారా" అని. మా అమ్మకి పట్టపగలే చుక్కలు కనపడ్డాయి. చివరికి ఆయన్నీ సాయంత్రం మేడెక్కించి, ఆరూ లెక్కపెట్టించాకే సంబంధం ఖాయమైంది. నవ్వు, నవ్వు, మీ నాయనమ్మ కూడా ఇది చెప్పినప్పుడల్లా నవ్వేది. మొదట్లో.

ఇంతా చేస్తే అసలు సంగతి పెళ్ళయ్యాక బయటపడింది. మీ నాయనమ్మని మేడెక్కించి "ఎన్ని?" అని అడిగితే ఆవిడ "ఏవి ఎన్ని?" అంది. ఇంకోసారి చూసి, "నల్లగా ఉంది" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఒక్క చుక్కనీ చూళ్ళేదమ్మా. అందరూ చుక్కలు చుక్కలంటుంటే పాటల్లో మాట అనుకుంది. అన్నయ్య నవ్వలేదు. తెల్లారి కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మార్చి అద్దం పెట్టి, పవరు తేల్చి నా చేతికిచ్చాడు. సోడాసీసా అడుగంత మందం అద్దాలు, నేనే సానబట్టాను. ఆ సాయంత్రం పెట్టుకుని మేడెక్కింది. నేను మెట్ల మీద నిలబడ్డాను, ఎలా వచ్చాయో చూద్దామని. తలెత్తింది, అలాగే పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయింది. "ఇవన్నీ ఎప్పణ్ణించి ఉన్నాయి?" అంది. ఆ ప్రశ్నకి జవాబు గంటసేపు చెప్పగలడు మావాడు. చెప్పలేదు. "నీకోసం ఇవాళే పెట్టించా" అన్నాడు.

ఏం చెప్తున్నాను... ఆఁ, కోడిపిల్లలు. వాటిని సూటిగా చూస్తే చిన్నవి దాక్కుంటాయి. పక్కకెటో చూస్తున్నట్టు నటించి ఓరకంట చూడాలి, అప్పుడొస్తాయి బయటికి. మీ తాత అందరికీ నేర్పిన కిటుకది. ఆ ఓరచూపే ముందు పోయింది ఆయనకి. ఒక చలికాలం, "ఒరే, కోడికి పిల్లలు తగ్గుతున్నాయిరా" అన్నాడు. మంచు పట్టిందేమోలే అన్నాను. తర్వాత గుమ్మాలకి భుజాలు కొట్టుకోవడం, పక్కన పెట్టిన గ్లాసు తన్నడం. ఊరందరి చూపూ తేల్చినవాడు, దీపం కింద చీకటంటే ఇదే. పెద్దాసుపత్రిలో కంట్లో ఒత్తిడన్నారు. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోండన్నారు. నాకూ అదే కదమ్మా, మా రక్తంలో ఉంది. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం మీ నాయనమ్మ చుక్కలు వేసేది. వేసి, కంటి మూల వేలితో నొక్కి, "నే చెప్పేదాకా తెరవకండి" అనేది. ఆయన పసిపిల్లాడిలా పడుండేవాడు. ఇంట్లో చుక్కలంటే మందే అయిపోయింది. చుక్కలు వేశావా, చుక్కలు అయిపోయాయా. పైవాటి మాట మేమెత్తేవాళ్ళం కాదు, ఆయన బాధపడతాడని. ఆయనొక్కడే అప్పుడప్పుడూ, "ఇంకా గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనపడుతోంది. అదీ పోయేలోగా ఒక్కసారి మేడెక్కించవే, నువ్వు లెక్కపెట్టు, నేను వింటాను" అనేవాడు. ఆవిడకి ఆ మెట్లంటే భయం. "చలి తగ్గనివ్వండి" అనేది. "చలి తగ్గితే కోడి ఉండదే" అనేవాడు. అని ఊరుకునేవాడు.

ఆ చలి తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. జ్వరం, ఆయాసం, మాట రెండు ముక్కలైతే మూడోది రాదు. డాక్టరొచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి చెప్పాడు, ఇంకెంతోసేపు లేదని. సాయంత్రం ఏడింటికేమో వీధి వీధంతా కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కనపడదు. బయట పిల్లలంతా ఓ అని అరిచారు. ఆ అరుపు విని కళ్ళు తెరిచి, మీ నాయనమ్మ చెయ్యి పట్టుకుని "చుక్కలు" అన్నాడట. నేను మందుల షాపుకి వెళ్ళాను, లేను. ఆవిడ, పాపం, చీకట్లో తడుముకుని సీసా తెచ్చి వేసింది. మూల నొక్కింది. తెరవకండి అంది. కాసేపాగి మళ్ళీ "చుక్కలు" అన్నాడు. మళ్ళీ వేసింది. నేనొచ్చేసరికి, "బాబూ, ఎన్నిసార్లు వేసినా చుక్కలే అడుగుతున్నారు, మంట పుడుతోందో ఏమో, సీసా ఖాళీ అయిపోయింది" అంది. రుమాలుతో ఆయన కణతలు తుడుస్తోంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడమ్మా. ఆవిడ చెప్పలేదుగా, తెరవమని. అలాగే పోయాడు.

ఆ రోజు నాకూ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు. ఎవరికి తడుతుంది? తర్వాత ఆవిడే షాపులో ముందు కూర్చునేది, నేను తెర వెనకే. ఒక మధ్యాహ్నం ఎవరో పొరుగూరాయన కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. "చుక్కల డాక్టరుగారు ఇక్కడేనా? నా కళ్ళలో చుక్కలు వెయ్యాలి" అన్నాడు. మీ నాయనమ్మ నవ్వుతూనే చెప్పింది. "అయ్యో, ఆ చుక్కలు కాదండీ. ఆయన అడిగేవి పైనుండే..." అంది. అని ఆగిపోయింది. నేను చక్రం ఆపాను. ఆ వచ్చినాయన, "ఏమ్మా, పైనుండే?" అంటున్నాడు. ఆవిడ తెర తీసి నాకేసి చూసి, "ఆ వేళ కరెంటు పోయింది కదూ, బాబూ" అంది. అంతే అడిగింది. కళ్ళద్దాలు తీసి, మడతపెట్టి, నా బల్ల మీద పెట్టింది. పవరు మారిందా వదినా అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా. "లేదు. ఇక చాలు" అంది.

మళ్ళీ పెట్టుకోలేదమ్మా. నీ చిన్నప్పుడు నీ మొహం రెండు చేతులా పట్టుకుని, ముక్కుకి ముక్కు తగిలేలా చూసేది చూశావా? ముద్దనుకున్నావు. ముద్దూ ఉందనుకో. నువ్వు కనపడాలంటే అంత దగ్గరికి రావాలి ఆవిడకి.

ఆ ఫోను ఆపెయ్యి ఇంక, కళ్ళు లాగుతున్నాయి. టైమైనట్టుంది. నా చుక్కలు... ఏమన్నావు? ఏ చుక్కలనా?

...

మందేనమ్మా. మందే. వెయ్యి.