అన్నయ్య వేసిన కార్డు

చెల్లెలి కంప్యూటర్ వెనక దుమ్ము తుడుస్తున్న అన్న చెయ్యి ఆగిపోయింది.

"మానిటర్ వైరు పాత చోటే ఉందేంటే? నేను వేసిన గ్రాఫిక్స్ కార్డుకి పెట్టలేదా?"

"పెడితే, వీడియో ఎడిటింగ్ మొదలెట్టగానే ఠపీమని ఆరిపోతోంది అన్నయ్యా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు వేసిన రోజు నుంచే."

అతనికి తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే. లోపల కరెంటిచ్చే పవర్ సప్లై కంప్యూటర్ కొన్నప్పటిదే. అంత పెద్ద కార్డుని మోయగలదో లేదో చూసుకోకుండా బిగించేశాను. ఏడాదైంది, ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు అంత మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు. నెమ్మదిగానైనా పని గడిచిపోయిందిలే."

"ఇలా చెప్పకుండా సర్దుకుపోతున్నవి ఇంకేమైనా ఉన్నాయా?"

ఆమె గుడ్డ అందుకుని, అతను తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"ముందు ఇది మార్చు. తర్వాత అడుగు. ఈసారి మాత్రం, మోయగలవో లేదో చూసుకుని అడుగు."