తలుపుల్లేని నెట్ సెంటరు

తెనాలిలో ఎక్కిన అక్కాతమ్ముళ్లు రేపల్లె ప్యాసింజరులో నా ఎదుట కూర్చున్నారు. తమ్ముడిది నెట్ సెంటరు. ముఠా నేరాలను అరికట్టే కొత్త చట్టం మీద సలహాలు అడుగుతామని పిలిస్తే, గుంటూరు మీటింగుకు వెళ్లొచ్చాడట.

"క్యాబిన్లకు తలుపులు తీసెయ్యాలంటన్నారక్కా. లోపల ముఠాలవాళ్లు మెయిళ్లు పంపుకుంటారంట."

"పాడు చట్టం! తలుపుల్లేకపోతే నీ సెంటరుకెవరొస్తారు?"

"అదే చెప్పాను. మా దగ్గరికి దొంగలు రారండి, చాటింగు చేసుకునే కాలేజీ పిల్లలేనండి అన్నాను."

"బాగా చెప్పావు."

"తలుపులేసుంటే నీకెలా తెలుసయ్యా అన్నాడు ఆఫీసరు."

"నువ్వేమన్నావు?"

"స్టూలెక్కి పైనుంచి చూస్తానండి అన్నాను."

"ఛీ! సిగ్గులేదంట్రా?"

"హాలంతా ఒకటే నవ్వు. ఇక చట్టం రాకపోయినా నా సెంటరుకెవరూ రారు."

అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, మా అమ్మాయి శ్రీవిద్య కాలేజీ అయ్యాక రోజూ నీ దగ్గరికేగా వస్తంది, రిజల్టు చూసుకోవాలని?"

"అవునక్కా."

"రిజల్టు పోయిన నెలే వచ్చిందిగా!"

తమ్ముడు లేచి పైనున్న సంచీ దించబోయాడు.

"స్టూలెక్కి ఏం చూశావో చెప్పు."

"చెప్పకూడదక్కా. కస్టమర్ల గుట్టు కాపాడాలని మీటింగులో నేనే సలహా ఇచ్చాను."

"అయితే ఆ చట్టం చాలా మంచిదిరా. రేపు నేనే వచ్చి తలుపులు పీకిస్తాను."