మడుగు పుస్తకంలో ఆ రెండేళ్ళు

వచ్చినవాళ్ళందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలున్నాయి. పిల్లల బడి నుంచి తెచ్చినవి, మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి, ఏమనుకోకండి. ఈ గ్రంథాలయం గదిలో ఇంతమందిని నేనెప్పుడూ చూళ్ళేదు. మావయ్య ఉంటే, వీళ్ళలో సగంమంది ఒక్కసారి మడుగు దగ్గరికి వచ్చుంటే ఎంత బావుండేదని గొణిగేవారు.

అత్తయ్యా, పెద్దలూ, స్నేహితులూ. మన టైలర్ మావయ్య పోయి ఇవాళ్టికి నాలుగో రోజు. మంగళవారం పొద్దున పది గంటలకి, మిషను మీద, ఎవరిదో స్కూలు చొక్కా కుడుతూ కుడుతూ ఆగిపోయారు. గుండె. పక్క కొట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికే అయిపోయింది. చొక్కా ఒక చెయ్యి కుట్టారు, రెండోది అలాగే ఉంది.

నన్ను తెలియనివాళ్ళకి చెప్తాను. బస్టాండు ఎదురుగా మందుల షాపులో ఉండేది నేనే. నాకు నలభై ఏడేళ్ళు. ఆయన మాత్రం మొన్నటిదాకా మందుల షాపు అమ్మాయనే పిలిచారు. ఆయనకీ నాకూ చుట్టరికమేమీ లేదు, పిలుపే చుట్టరికం. పదేళ్ళుగా మడుగు పుస్తకం రాసేది నేను. డాక్టర్ల రాత చదివేదానివి కదా, నీ రాతైనా నలుగురికీ అర్థమయ్యేలా ఉంటుందని ఆ పని నాకు అంటగట్టారు.

ఏడవాల్సింది మూడు రోజులు ఏడ్చాను. ఇప్పుడు మిగిలింది భయం. మీ అందరి ముందూ చెప్పాల్సింది ఒకటుంది. చెప్పకుండా దిగిపోతానేమోనని కూడా భయంగానే ఉంది. అందుకే ముందే ఒప్పుకుంటున్నాను. నేను మాట మార్చి కుర్చీలో కూర్చోబోతే పోస్ట్‌మాన్ బాబాయ్ నన్ను ఆపాలి. బాబాయ్, వింటున్నావు కదా?

బస్సు డిపో వెనక మడుగు ఎవరికి తెలీదు? ముక్కు మూసుకుని దాటే చోటు. కానీ ఏటా వానలు వెనకబట్టి, చలి ఇంకా మొదలవని ఈ నెలన్నర రోజుల్లో, ఎక్కడో ఉత్తరాన మంచుదేశాల్లో బయల్దేరిన పిట్టలు అక్కడ దిగుతాయి. తోక ఆడిస్తూ తిరిగే కాటుకపిట్టలు, పొడుగు ముక్కుతో బురద గుచ్చుకుని తినే ఉల్లంకిపిట్టలు. రెండు రోజులో మూడు రోజులో ఆగి, కడుపు నింపుకుని, మళ్ళీ దక్షిణానికి పోతాయి. పదహారేళ్ళ కిందట మావయ్య ఒక స్కూలు నోట్సు కొని, రోజూ తెల్లారగానే వాటి లెక్క రాయడం మొదలెట్టారు, అదే మడుగు పుస్తకం. ఎందుకండీ ఈ గోల అని అడిగితే, ఇంటికి ఎంతమంది చుట్టాలొచ్చారో తెలీకుండా ఎలా ఉంటామనేవారు.

వచ్చే గురువారం ఆ మడుగు పూడ్చి బస్సులు నిలపాలా వద్దా అన్నది పురపాలక సంఘంలో తేలుతుంది. మన చేతిలో ఉన్న సాక్ష్యం ఆ పుస్తకం ఒక్కటే. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు చెప్తాను. ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. గట్టున కూర్చుని బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకుని, టకటకా లెక్కపెట్టేసి, నలభై అన్నాను, గొప్పగా. మావయ్య పెన్సిలు ముట్టుకోలేదు. ఆగమ్మాయ్ అన్నారు. ఎంతసేపు ఆగాలి? పావుగంట ఆగాం. ఒక కుక్క నీళ్ళు తాగడానికి వచ్చింది. పిట్టలన్నీ లేచాయి. లేచినవి పదకొండు. మిగతా ఇరవై తొమ్మిదీ అక్కడే ఉన్నాయి, అవి మట్టిబెడ్డలు. తొలిసారి మడుగుకి వచ్చినవాళ్ళందరం ఆ తప్పు చేస్తాం. మసక వెలుతుర్లో బెడ్డకీ ఉల్లంకికీ తేడా ఉండదు. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వను కూడా లేదు. ఒక్కటే అన్నారు. "బెడ్డ ఎగరదమ్మాయ్. ఎగిరిందే రాసుకో."

కొలిచి కోసే మనిషి ఆయన. గుడ్డ దగ్గరా అంతే, మడుగు దగ్గరా అంతే. ఒక్కొక్కసారి ఆ మంకుపట్టుకి ఒళ్ళు మండేది కూడా.

ఏడేళ్ళ కిందట ఏం జరిగిందో ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి తెలుసు. అప్పుడూ ఇదే గొడవ, మడుగు పూడుస్తామన్నారు. సరిగ్గా ఆ ఏడాదే పిట్టలు మొహం చాటేశాయి. ఆకాశమంతా ముసురు. తొమ్మిది రోజులు ఒక్క పిట్టంటే ఒక్క పిట్ట దిగలేదు. ఆయన తొమ్మిది రోజులూ తెల్లారకముందే వెళ్ళారు, తొమ్మిది రోజులూ సున్నా రాయించారు. మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బాబాయ్, నువ్వేగా అన్నావు, ఒక నాలుగైదు రాద్దాం, దేవుడు కూడా ఏమనుకోడని? నేనూ నీకే వంత పాడాను. ఆయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, అయితే రేపట్నుంచి మీరు రావక్కర్లేదన్నారు.

ఆ పుస్తకం అలాగే, ఆ సున్నాలతోనే, సంఘం ముందుకి వెళ్ళింది. మనం ఓడిపోయామనే అనుకున్నాం. అయితే ఏమైంది? విచారణ చేసిన అధికారి పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆ సున్నాల దగ్గర ఆగాడు. వరసగా తొమ్మిది సున్నాలు రాసుకున్న మనిషి పదో రోజు ముప్పై ఆరని రాస్తే నేను నమ్ముతానన్నాడు. మడుగు నిలిచింది. ఆ పుస్తకానికి ఉన్న పరువంతా ఆ పేజీలోంచి వచ్చింది.

ఇక నా సంగతి. బాబాయ్, ఆపక్కర్లేదు, నేనే చెప్తున్నాను.

రెండున్నరేళ్ళ కిందట మావయ్య షాపుకి వచ్చి ఒక చీటీ ఇచ్చారు. కంటి చుక్కల మందు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు పక్కల నుంచి మెల్లిగా మూసుకొచ్చే జబ్బుకి వాడే మందు. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. చీటీ చూడగానే నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకీ అర్థమైంది. మీ అత్తయ్యకి చెప్పకమ్మా అన్నారు. మందుల షాపులో ఉన్నవాళ్ళం ఎవరి జబ్బూ పైకి చెప్పకూడదు, చెప్పలేదు. ఇవాళ అత్తయ్య చెప్పమంటేనే చెప్తున్నాను.

ఆ ఏడాది పిట్టలొచ్చాయి. నాలుగో రోజో అయిదో రోజో, ఆయన బైనాక్యులర్లోంచి చూసి, అరవై రెండు, రాయమ్మాయ్ అన్నారు. నేనూ చూశాను. నాకు ఇరవై కనిపించాయి, మహా అయితే ఇరవై మూడు. మిగతావి బెడ్డలు. ఆ వేసవిలో డిపోవాళ్ళు ఒక పక్కన మట్టి దింపారు, గుర్తుందా? అవే. ఆయన పావుగంట ఆగలేదు. ఎగిరేదాకా చూడలేదు. చూసినా, పక్కకి ఎగిరినవేవో మిగిలినవేవో ఆ కళ్ళకి తెలిసేది కాదు.

నేనేం చేశాను? ఆగండి మావయ్యా అని ఒక్క మాట అనాలి. నాకు నేర్పిన మాటే ఆయనకి తిప్పి చెప్పాలి. నోరు రాలేదు. నాకు పాఠం చెప్పిన మనిషితో, మీరు బెడ్డల్ని లెక్కపెట్టారని ఎలా అనను? అరవై రెండని రాశాను. మర్నాడు యాభై. ఆ మర్నాడు డెబ్భై. ఒకసారి రాశాక రెండోసారి తడుముకోలేదు, అదే నాకు ఇప్పుడు అసహ్యంగా ఉంది. ఆ ఏడంతా అలాగే రాశాను. పోయినేడూ రాశాను. నా లెక్క విడిగా ఎక్కడైనా రాసిపెట్టుకున్నానా అంటే, అదీ లేదు. ఈ ఏడాది కూడా, పన్నెండు రోజులు, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాను. గౌరవం అనుకున్నాను. పిరికితనానికి అంత మంచి పేరు పెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున మడుగు దగ్గర ఆయన బైనాక్యులర్ దించి, పదేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగారు. "నీకెన్ని కనిపిస్తున్నాయమ్మాయ్?"

మీరెంతంటే అంతే మావయ్యా అన్నాను.

ఆయన బైనాక్యులర్ సంచిలో పెట్టుకున్నారు. ఆ రోజు అంకె చెప్పలేదు, నేనూ అడగలేదు. షాపు తెరవాలని వచ్చేశాను. పది గంటలకి కబురొచ్చింది. ఆయనకి అనుమానం వచ్చిందా? నిజం చెప్పమనే అడిగారా? లేక ఊరికే అడిగారా? నాకు తెలీదు. మూడు రాత్రులుగా కన్ను మూత పడితే ఒట్టు. ఆయన అడిగింది ఒకే ఒక్కసారి, ఆ ఒక్కసారీ నేను దాటవేశాను.

నిన్న సాయంత్రం అత్తయ్య దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "సూదిలో దారం రెండేళ్ళుగా ఎక్కిస్తున్నది నేను. నాకు తెలీకుండా దాచామనుకున్నారా మీరిద్దరూ?" అంది. అంటే, అత్తయ్యా నేనూ ఒకరికి తెలీకుండా ఒకరం ఆయన్ని కాపాడుతున్నామనుకున్నాం. పుస్తకాన్ని ఎవరూ కాపాడలేదు. గురువారం ఏం చెయ్యమంటావు అత్తయ్యా అని అడిగాను. ఆయన కోసం అబద్ధమాడతానంటే నా గడప తొక్కకు అంది. అంతకన్నా ఏం కావాలి నాకు?

మనవాళ్ళలో కొందరు ఇవాళ పొద్దున నాకు నచ్చజెప్పారు. వాళ్ళ పేర్లు చెప్పను. పోయిన మనిషి పుస్తకాన్ని ఎవరు శంకిస్తారు, అలాగే ఇచ్చెయ్, మడుగు దక్కనీ అన్నారు. వాళ్ళది దురాశ కాదు, వాళ్ళకీ నాకున్నంత భయమే ఉంది. మడుగు పోతే ఆ పిట్టలు అంత దూరం ఎగిరొచ్చి ఎక్కడ దిగుతాయి? నాకు తెలీదు.

అయినా సరే. డిపో సూపర్‌వైజర్ గారూ, మీరు మూడో వరసలో ఉన్నారు, చూశాను. మీ యూనిఫారాలన్నీ ఆయన కుట్టినవే, అందుకే వచ్చారు, సంతోషం. మడుగు స్థలం కావాల్సింది మీకే. నేను చెప్పింది రేపు మీరు వాడుకోవచ్చని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. గురువారం ఆ పుస్తకంతో పాటు నా సంతకంతో ఒక కాగితం ఇస్తాను. పోయిన రెండేళ్ళ లెక్కా, ఈ ఏడాది పన్నెండు రోజుల లెక్కా నమ్మకండి, ఆ తప్పు కళ్ళు కనపడని మనిషిది కాదు, కళ్ళుండి రాసినదానిది అని రాస్తాను. మిగతా పదమూడేళ్ళని నమ్ముతారో లేదో వాళ్ళిష్టం. మనం ఓడిపోవచ్చు. నా వల్లే ఓడిపోవచ్చు.

ఇంకొకటి. ఆయన పోయినప్పట్నుంచి ఎవరం మడుగుకి వెళ్ళలేదు. బుధవారం లేదు, నిన్న లేదు, ఇవాళ లేదు. ఆ రోజుల్లో ఏవి దిగి ఏవి వెళ్ళిపోయాయో ఇక ఎవరికీ తెలియదు. గురువారం లోపు మనకి అయిదు పొద్దులున్నాయి. రేపు అయిదున్నరకి నేను డిపో వెనక గేటు దగ్గరుంటాను. ఒక్కదాన్ని రాస్తే ఇప్పుడు ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. నా పక్కన ఇద్దరుండాలి, నేను రాసే ప్రతి అంకెకీ అడ్డం పడాలి. సూపర్‌వైజర్ గారూ, ఆ ఇద్దర్లో ఒకరు మీరైతే మరీ మంచిది. నిజంగానే అడుగుతున్నాను.

చెప్పేశాను.

ఇప్పుడు రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. పదహారేళ్ళు ఆయన మనల్ని బతిమాలింది అదొక్కటే, మడుగు దగ్గర కాసేపు నోళ్ళు మూసుకోండర్రా అని. ఒక్కరోజు విన్న పాపాన పోలేదు. దయచేసి అందరూ లేవండి. నా మీద మండిపడుతున్నవాళ్ళు కూడా లేవండి. ముందు ఆయన కోసం నిలబడండి. తర్వాత నన్ను ఏమైనా అనండి, నేను ఎక్కడికీ పోను.