అంచు అరగని టైరు

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. నాలుగేళ్ల కిందట నేను మోటార్‌సైకిల్ మీద నాలుగు వందల కిలోమీటర్లు వెళ్ళి, ఆ పెద్ద రేసు ట్రాకు మీద ఒక్కటంటే ఒక్క చుట్టు కొట్టి వచ్చాను. పేపర్లలో ఫొటోలు పడే ట్రాకే. ఆదివారం పూట గేటు తీసి, టికెట్ కొన్నవాడినల్లా లోపలికి వదుల్తారు.

మొన్నామధ్య ఒక సాయంత్రం కూడా ఇక్కడే, మెకానిక్ షెడ్డు ముందున్న టీకొట్టు దగ్గర, నా సింహాసనం మీద కూర్చుని ఇలాగే మొదలుపెట్టాను. సింహాసనమంటే షెడ్డు వాళ్ళు పక్కన పారేసిన పాత టైరు లెండి.

"పోయిన వారం మూడు చుట్లన్నావు బాబాయ్," అన్నాడు టైలరు.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. కంగారెందుకు?"

ఇంతలో మా బావమరిది కుంటుకుంటూ వచ్చాడు. ఆ ప్రయాణంలో నాతో వచ్చింది వాడే, వాడి బండి మీద వాడు. ఇప్పుడు వెంట వాళ్ళ వర్క్‌షాపు ఫోర్‌మన్ ఉన్నాడు. బావమరిది నా చెవి దగ్గరకి వంగి, "బావా, ఈయన ముందు ఈ ఒక్కరోజుకి నా కాలు ఊసెత్తకు" అన్నాడు. సరేనన్నట్టు తలూపాను. నిజంగానే ఊపాను.

"ఎందాకా వచ్చాం? ఆఁ, గేటు. గేటు దాటి గేరు మార్చానో లేదో, స్పీడు ముల్లు అంకెలన్నీ దాటేసి, ఇక పోవడానికి చోటు లేక చుట్టూ తిరిగి మళ్ళీ సున్నా దగ్గరకొచ్చి నిలబడింది. అప్పుడేమైందో తెలుసా? జెండా ఊపేవాడు జెండా ఎత్తేలోపు నేను రెండుసార్లు తిరిగొచ్చేశాను. మూడో చుట్టులో నా ముందు ఎవడో ఎర్ర లైటు వేసుకుని పోతున్నాడు, వీడెవడ్రా నన్ను దాటినవాడు అని తరిమి తరిమి దగ్గరకెళ్ళి చూద్దును కదా, అది నా బండి వెనక లైటే!"

"నిన్ను నువ్వే ఓవర్‌టేక్ చేసుండాల్సింది," అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూ.

"చేశాను! చేస్తే నా నీడ అలిగి, పోటీకి నేను రానని ట్రాకు పక్కన కూర్చుండిపోయింది. తిరుగు ప్రయాణంలో బతిమాలి ఎక్కించుకోవాల్సొచ్చింది."

ఫోర్‌మన్ పడీ పడీ నవ్వాడు. కొత్త మనిషి నవ్వితే నాకు ఒళ్ళు తెలీదు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "మరి మావాడో?" అన్నాడు.

మా బావమరిది గ్లాసులోకి చూస్తున్నాడు. నా నాలిక ఆగితేగా!

"వాడా? గేటు దగ్గర ఆ చప్పుడు వినే కాళ్ళు వణికి కూలబడ్డాడు. నేను ట్రాకు చుట్టొచ్చేసరికి లాడ్జి బాత్రూములో జారి కాలు విరగ్గొట్టుకుని ఉన్నాడు. రేసుకొచ్చి బకెట్టుకి గుద్దుకున్న వీరుడు!"

అందరూ గొల్లుమన్నారు. మెకానిక్ నవ్వలేదు. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"బాబాయ్, ఒకసారి లే."

"ఎందుకురా?"

"లే చెప్తా."

లేచాను. టైరు ఎత్తి నిలబెట్టాడు. "ఇది నీదే. ప్రయాణానికి కొత్తది నేనే వేశాను, పోయిన నెల నేనే విప్పాను. ట్రాకు మీద మలుపు తిరగాలంటే బండిని నేల మీదికి పడుకోబెట్టాలి. అలా తిప్పితే టైరు అంచు అరగాలి. దీని నడుమ చూడు, బోడిగుండు. అంచుల్లో మాత్రం కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. నీ బండి పుట్టి బుద్ధెరిగి ఒక్క మలుపులోనూ వాలలేదు." ఫోర్‌మన్ వైపు తిరిగాడు. "ఆ ప్రయాణం నుంచి రాగానే మీవాడి బండి కూడా నా దగ్గరకే వచ్చింది. టైరు అంచు దాకా అరిగిపోయింది. కాళ్ళు పెట్టుకునే కడ్డీల కొసలు రెండు వైపులా నేలకి రాసుకుని గీసుకుపోయాయి. పడితే ఒక పక్కే గీసుకుంటుంది సార్. రెండు పక్కలా గీసుకుందంటే మలుపుల్లో వాల్చి తిప్పాడని."

ఫోర్‌మన్ వంగి టైరు అంచు వేలితో తడిమి చూశాడు.

"అది... నా వేగానికి టైరు నేలకి తగిల్తేగా అరగడానికి," అన్నాను. టైలరు కూడా నవ్వలేదు.

మా బావమరిది గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చివరి మలుపులో పడ్డాను బావా. మైకులో నా పేరు మూడుసార్లు పిలిచారు, వెంట వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మని. నువ్వు క్యాంటీన్‌లో ఎవరికో ఆ మలుపు ఎలా తిప్పాలో చెప్తున్నావు. స్ట్రెచర్ మీద నీ పక్క నుంచే తీసుకెళ్ళారు. అక్క బాధపడుతుందని నాలుగేళ్లు నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను కొట్టింది ఆ ఒక్క చుట్టే, అదీ నువ్వే తీసేసుకున్నావు."

ఫోర్‌మన్ లేచి భుజం అందించాడు. మా బావమరిది ఆ భుజం పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ బల్ల మీద కూర్చోలేదు.

టైరుని మెకానిక్ అంచులు కనపడేలా షెడ్డు గోడకి తగిలించాడు.

నిన్న కొత్తగా ఒక లారీ డ్రైవరు టీకి ఆగి, "ఆ ట్రాకు చూశారా ఎప్పుడైనా?" అని అడిగాడు. చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడటం లేదు. గోడకి వీపు తిప్పి నిలబడి, "నాలుగేళ్ల కిందట..." అని మొదలుపెట్టాను.